పాత సైన్యపు రైఫిల్‌ని కొయ్యకండి, వేటకి తీసుకెళ్ళండి

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. పాత సైన్యపు రైఫిల్‌తో వేటకి వెళ్ళడం మంచి పనే. వేట కోసం దాన్ని కొయ్యడం మాత్రం ఈ రోజుల్లో అక్కర్లేని పని. ఎప్పుడో ఎవరో కోసేసిన రైఫిల్ మీ చేతికి వస్తే, బాగు చేసుకుని హాయిగా వాడండి. ఇంతవరకు ఎవరూ కొయ్యనిది దొరికితే రంపం పక్కన పెట్టండి. ఈ పోస్టు మొత్తం ఇంతే. మిగతావన్నీ కారణాలు.

ఎప్పటిలాగే ముందు మాటల సంగతి. సైన్యపు రైఫిల్‌ని వేటకి తగ్గట్టు మార్చడాన్ని ఇక్కడ స్పోర్టరైజ్ చెయ్యడం అంటారు. నేను "వేటకి మలచడం" అని రాస్తాను. బ్యారెల్‌ని గొట్టం అంటాను. రైఫిల్‌కి ఉండే చెక్క భాగమంతా చెక్కే. భుజానికి ఆనించే వెనక భాగం మడమ. "తుపాకీ మడమతో కొట్టారు" అని తెలుగు పేపర్లో చదివి ఈ మాట నేర్చుకున్నాను, నాకు చాలా నచ్చింది. లోహాన్ని అరగదీసే పనిముట్టు ఆకురాయి. ఇక "వేట" అన్న మాటతో జాగ్రత్త. మా అమ్మమ్మ వాళ్ళ వైపు వేట మాంసం అంటే మటన్. చేపలు పట్టడం కూడా వేటే. నవంబర్లో "వేటకి వెళ్తున్నాను అత్తయ్యా" అని ఫోన్లో చెబితే, "ఏ చెరువుకి?" అని అడిగింది.

నేను ఎక్కువగా లీ-ఎన్‌ఫీల్డ్ గురించే రాస్తాను, ఎందుకంటే నేను వాడేది అదే. తెలుగు వాళ్ళకి కూడా అది కొత్త కాదు. మన పెద్దవాళ్ళు దాన్ని "త్రీ నాట్ త్రీ" అంటారు. ఆ .303 తూటాని బ్రిటిష్ సైన్యం 1888లో తీసుకుంది. 1907లో వచ్చిన పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌ని మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు మోశారు. రెండో యుద్ధంలోనూ మోశారు. కలకత్తా దగ్గర ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో అవి లక్షల్లో తయారయ్యాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా సైన్యం దగ్గర, ఆ తర్వాత దశాబ్దాల పాటు పోలీసుల దగ్గర ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020లో.

మా పెద్దనాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. నా రైఫిల్ ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "దీని ముక్కు ఎవడు కోశాడురా? శూర్పణఖ అనుకున్నాడా?" అన్నారు. నాది 1950ల్లో ఎవరో కోసిన రైఫిల్. ముందు వైపు చెక్క సగం లేదు, గొట్టం కొసన ఉండే ఆ చదునైన ఇనుప ముక్కు లేదు. "మా స్టేషన్లో ఒక్క స్క్రూ పోతే రిపోర్టు రాయాలి. పేలిన తూటా గుల్లకి కూడా లెక్క చెప్పాలి. మీ దేశంలో రంపం పెట్టి కోసేస్తారా!" అన్నారు. ఆయనకి సమాధానం చెప్పాలంటే ఇక్కడ జరిగిన కథ కొంచెం చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ప్రపంచంలో రైఫిళ్ళు గుట్టలుగా మిగిలిపోయాయి. జర్మన్ మౌజర్లు, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌లు, ఇటాలియన్ కార్కానోలు, అమెరికా సొంత స్ప్రింగ్‌ఫీల్డ్‌లు. సైన్యాలు కొత్త రకాలకి మారుతుంటే ఈ పాతవాటిని వ్యాపారులు ఓడల్లో అమెరికాకి తెచ్చారు. పోస్టులో ఆర్డర్ ఇస్తే ఇంటికి వచ్చేవి. 1963లో ఒక పత్రిక ప్రకటనలో స్కోప్ బిగించిన కార్కానో ధర 19 డాలర్ల 95 సెంట్లు. కెనెడీని చంపిన రైఫిల్ అలా పోస్టులో కొన్నదే. ఆ తర్వాత 1968లో వచ్చిన చట్టం పోస్టు అమ్మకాలని ఆపింది, విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతిని కూడా ఆపింది. 1980ల్లో ఆ దిగుమతి నిబంధన సడలించాక పాత రైఫిళ్ళు మళ్ళీ రావడం మొదలైంది.

ఇప్పుడు ఆ రోజుల్లో ఒక పల్లెటూరి రైతునో, ఫ్యాక్టరీ కార్మికుణ్ణో ఊహించుకోండి. శీతాకాలానికి ఇంట్లో జింక మాంసం కావాలి. షాపులో కొత్త వేట రైఫిల్ కొనాలంటే చాలా డబ్బు కావాలి. పోస్టులో ఇరవై డాలర్లకే బలమైన రైఫిల్ వస్తోంది. కానీ అది నాలుగు కిలోల బరువు, నాలుగడుగుల దాకా పొడవు, కొస వరకు చెక్క, కత్తి బిగించడానికి కొక్కెం. అతను ఏం చేస్తాడు? శనివారం షెడ్డులో కూర్చుని ముందు చెక్క సగానికి కోస్తాడు. కోసిన చోట ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తాడు. గొట్టం పొడవనుకుంటే నాలుగు అంగుళాలు తీసేస్తాడు. వెనక గురి చూసే పలక పీకేస్తాడు. డబ్బులుంటే గన్‌స్మిత్ దగ్గర స్కోప్ కోసం రంధ్రాలు వేయిస్తాడు. మౌజర్ అయితే నిటారుగా ఉన్న బోల్ట్ పిడి స్కోప్‌కి తగులుతుంది కాబట్టి దాన్ని కాల్చి కిందికి వంచుతారు. అంతే, వేట రైఫిల్ తయారు.

నేను అతన్ని తప్పు పట్టను. అతని అవసరం నిజమైనది. అతనికి అది చరిత్ర కాదు, నిన్న మొన్నటి మిగులు సామాను. ఆ రైఫిళ్ళు ఎన్నో ఇళ్ళల్లో పిల్లలకి తిండి పెట్టాయి.

పైగా ఈ పని అంతా షెడ్డుల్లో రంపాలతో జరిగింది కాదు. అందులో గొప్ప పనితనం కూడా ఉంది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి వెళ్ళినప్పుడు, వేట చెక్క బిగించిన స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్ళాడు. 1923లో న్యూయార్క్‌లో మొదలైన గ్రిఫిన్ అండ్ హౌ కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లని, మౌజర్లని తీసుకుని మేలైన అక్రోటు చెక్కతో వేట రైఫిళ్ళు తయారు చేసింది. హెమింగ్వే 1930ల్లో ఆఫ్రికాకి తీసుకెళ్ళిన రైఫిళ్ళలో వాళ్ళు చేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి. అలాంటిది ఈ రోజు మామూలు సైన్యపు రైఫిల్ కంటే ఎక్కువ ధర పలుకుతుంది. అది న్యాయమే. అక్కడ ఒక పనివాడు పాత ఇనుముతో కొత్త వస్తువు చేశాడు. మనం మాట్లాడుకుంటున్నది దాని గురించి కాదు. నేను వద్దనేది, వీడియో చూసి శనివారం మధ్యాహ్నం చేసే కోత.

ఎందుకు వద్దంటున్నాను? మొదటి కారణం డబ్బు. ఆ రైతు లెక్క ఇప్పుడు తిరగబడింది. ఈ రోజు శావేజ్ యాక్సిస్ లాంటి కొత్త వేట రైఫిల్ ఐదు వందల డాలర్ల లోపు దొరుకుతుంది. స్కోప్ బిగించడానికి రంధ్రాలు ఫ్యాక్టరీ నుంచే ఉంటాయి. బరువు మూడు కిలోల చిల్లర. కానీ ఎవరూ కొయ్యని లీ-ఎన్‌ఫీల్డ్‌కి అంతకన్నా ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. దాని మీద గన్‌స్మిత్ కూలి, కొత్త చెక్క, ట్రిగ్గర్, స్కోప్, దాన్ని పట్టుకునే మౌంట్ కలిపి చూడండి. చివరికి చేతిలో మిగిలేది కొత్త రైఫిల్ కంటే ఖరీదైనది, దానికంటే బరువైనది, మొదట కొన్న ధరకి కూడా మళ్ళీ అమ్ముడుపోనిది. ఒకప్పుడు పొదుపు కోసం చేసిన పని ఇప్పుడు దండగ.

రెండో కారణం గురి. చెక్క అలంకారం అనుకుంటారు చాలామంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో అది యంత్రంలో భాగం. నంబర్ 4 రకాన్నే తీసుకోండి. గొట్టం కొస దగ్గర ముందు చెక్క కింది నుంచి గొట్టాన్ని కొన్ని పౌండ్ల బలంతో పైకి నొక్కుతూ ఉంటుంది. తూటా పేలినప్పుడు సన్నటి గొట్టం అదురుతుంది. ఆ నొక్కుడు వల్ల ప్రతిసారీ ఒకేలా అదురుతుంది. అందుకే తూటాలు ఒకే చోట పడతాయి. ముందు చెక్క కోసేస్తే ఆ నొక్కే చోటే పోయింది. ఇక గురి కుదరాలంటే వెనక భాగంలో చెక్కని, ఇనుముని మళ్ళీ కొత్తగా కుదర్చాలి. అది తెలిసిన పనివాడు చెయ్యాల్సిన పని. చాలామంది కోస్తారు, అది మాత్రం చెయ్యరు. తర్వాత "ఈ పాత రైఫిళ్ళకి గురి ఉండదు" అంటారు. కాళ్ళు విరగ్గొట్టి గుర్రం పరిగెత్తడం లేదన్నట్టు ఉంటుంది.

మూడో కారణం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ రైఫిల్ మీద రాత ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ, ఏ సంవత్సరం, ఎవరు పరీక్షించారు, ఏ దేశం తీసుకుంది, ఎక్కడ మరమ్మత్తు అయింది, అన్నీ చిన్న చిన్న ముద్రలుగా ఇనుము మీద, చెక్క మీద ఉంటాయి. అమెరికాలో శావేజ్ కంపెనీ బ్రిటన్ కోసం చేసిన నంబర్ 4 మీద "అమెరికా ప్రభుత్వ ఆస్తి" అన్న అర్థం వచ్చే ముద్ర ఉంటుంది. అరువుకిచ్చే పథకం కింద పంపారు కాబట్టి అలా కొట్టారు. ఆ ఒక్క ముద్రలో ఒక యుద్ధపు ఒప్పందం మొత్తం ఉంది. కోసి పారేసిన చెక్కతో, అరగదీసిన ఇనుముతో ఇలాంటివి పోతాయి. సీరియల్ నంబర్ చెరిపితే ఫెడరల్ నేరం కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోరు. మిగతా ముద్రలకి ఏ చట్టమూ కాపలా లేదు. కాపలా కాయాల్సింది రైఫిల్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళే.

భారత ప్రభుత్వం కూడా ఈ రైఫిళ్ళని మార్చింది. .303 రైఫిళ్ళలో కొన్నిటిని ఈషాపూర్‌లో పోలీసుల కోసం .410 మస్కెట్లుగా మార్చారు. లోపల గాడులు లేని నున్నటి గొట్టం, మ్యాగజైన్ చోట చెక్క ముక్క, ఒకసారికి ఒకే తూటా. ఎవరైనా ఎత్తుకెళ్ళినా సైన్యపు తూటాలు అందులో పనిచెయ్యకూడదని ఆలోచన. అవి మిగులు సామానుగా అమెరికాకి కూడా వచ్చాయి. ఒకటి చేత్తో పట్టుకుని చూశాను. ఎవరు ఎవరికి భయపడ్డారో ఆ చెక్క ముక్కే చెబుతుంది. దాన్ని కూడా అలాగే ఉంచాలంటాను. మార్పు కూడా చరిత్రే, దానికి కారణం ఉన్నప్పుడు.

ఇంకో సంగతి. భారతదేశంలో .303 ప్రైవేటు వ్యక్తులకి నిషేధించిన బోరు. అందుకని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రంతోనే .315 స్పోర్టింగ్ రైఫిల్ తయారు చేసి లైసెన్సు ఉన్నవాళ్ళకి అమ్మింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అక్కడ వేట దాదాపుగా ఆగిపోయింది, రైఫిల్ మాత్రం పేరులో "స్పోర్టింగ్" పెట్టుకుని మిగిలింది. ఇక్కడ షెడ్డులో రంపంతో చేసిన పనిని అక్కడ ఫ్యాక్టరీలోనే చేశారన్నమాట. పెద్దనాన్నకి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫ్యాక్టరీ వాడు కోస్తే దాన్ని కోత అనరురా, మోడల్ అంటారు" అన్నారు. ఆ మాట నిజమే.

ఇప్పుడు అవతలి వాళ్ళ వాదనలు. మాతో పాటు వేటకి వచ్చే ఒక తెలుగు కుర్రాడు ఈ మధ్య ఎవరూ కొయ్యని నంబర్ 4 కొన్నాడు. కెనడాలోని లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీది, 1943 ముద్ర ఉంది, బోల్ట్ మీద నంబర్ రైఫిల్ నంబర్‌తో సరిపోయింది. వచ్చే నెల గన్‌స్మిత్ దగ్గర కోయిస్తానంటున్నాడు. తెలివైనవాడు, వాదించగలడు. అతని మాటలే ఇక్కడ పెడతాను.

"అన్నా, ఇది నా డబ్బుతో కొన్న నా వస్తువు" అంటాడు. ఒప్పుకుంటాను. చట్టం ప్రకారం అతనిదే. నేను ఆపలేను, ఆపే హక్కు నాకు ఉండకూడదు కూడా. కానీ హక్కు ఉన్నంత మాత్రాన మంచి ఆలోచన అయిపోదు. మా తాత పొలం మా నాన్న వాళ్ళకి వచ్చింది. గట్టు మీద చింతచెట్టు కొట్టే హక్కు వాళ్ళకి ఉంది. కొట్టలేదు. ఎందుకని అడిగితే, "మనం నాటింది కాదు కదా" అన్నారు.

"లక్షల్లో ఉన్నాయి అన్నా, ఒకటి పోతే ఏమవుతుంది?" అంటాడు. ఇది చాలా పాత మాట. మోసిన్-నాగంట్ అనే రష్యన్ రైఫిల్ పదిహేనేళ్ళ కిందట ఇక్కడ వంద డాలర్లకి అటూ ఇటూగా పెట్టెల్లో నిలబెట్టి అమ్మేవాళ్ళు. కోట్లలో చేశారు, ఎప్పటికీ అయిపోవు అనుకున్నారు. చాలామంది ప్లాస్టిక్ చెక్క బిగించి, గొట్టం కోసి ఆడుకున్నారు. ఇప్పుడు ధర దానికి ఎన్నో రెట్లు. స్ప్రింగ్‌ఫీల్డ్ విషయంలోనూ, మౌజర్ విషయంలోనూ ముందు ఇదే జరిగింది. లక్షల్లో ఉన్నవి కూడా ఒక్కొక్కటిగానే పోతాయి. కోసిన ప్రతివాడూ తనది ఒక్కటే అనుకున్నాడు.

అతని మూడో మాటే నన్ను నిజంగా ఆలోచింపజేసింది. "అన్నా, ఇది మనుషుల్ని చంపడానికి చేసింది. దీని సైనికుడి వేషం తీసేసి కూడు పెట్టే పనిముట్టుగా మారిస్తే తప్పేంటి? మీరు ఎందుకు ఆ యుద్ధాన్ని అంత జాగ్రత్తగా దాచుకుంటున్నారు?" ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ రైఫిళ్ళతో తెల్లదొరల సైన్యం ఎవరి మీద కాల్పులు జరిపిందో భారతదేశం నుంచి వచ్చిన ఏ కుటుంబానికీ గుర్తు చెయ్యక్కర్లేదు. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో పేలినవి .303 రైఫిళ్ళే.

నా జవాబు ఇది. అందుకే ముద్రలు ఉండాలి. వేషం తీసేస్తే రైఫిల్ చేసిన పని మారదు, మనకి కనపడటం మానేస్తుంది, అంతే. పని మార్చడానికి రూపం చెరపక్కర్లేదు. దీనికి పెద్ద ఉదాహరణ కెనడాలో ఉంది. ఉత్తరాన మంచు ప్రాంతాల్లో కెనడియన్ రేంజర్లు అనే దళం ఉంది, వాళ్ళలో చాలామంది అక్కడి మూలవాసులు. 1947 నుంచి దాదాపు డెబ్భై ఏళ్ళు వాళ్ళ చేతుల్లో ఉన్నది నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డే. ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోవడానికి, తిండి కోసం వేటాడటానికి దాన్నే వాడారు. గడ్డకట్టే చలిలో కూడా పనిచేస్తుందని దాన్ని వదల్లేదు. 2010ల్లో గానీ కొత్త రైఫిల్ రాలేదు. ఇనుప గురితో, పూర్తి చెక్కతో అంతకాలం అక్కడ పని నడిచింది. మనం వెళ్ళే అడవిలో జింక చాలాసార్లు వంద గజాల లోపే కనిపిస్తుంది. ఇక్కడ ఎందుకు నడవదు?

మరి మార్పులేమీ వద్దా? నేను అలా అనడం లేదు. వెనక్కి తిప్పగలిగే మార్పులు ఎన్నైనా చెయ్యండి. నా నియమం ఒక్కటే: సాయంత్రం ఒక్క స్క్రూడ్రైవర్‌తో పాత రూపానికి రాగలగాలి. కళ్ళకి ఇనుప గురి అందకపోతే, రంధ్రాలు వెయ్యకుండా ఉన్న స్క్రూల చోటే బిగించే స్కోప్ మౌంట్లు దొరుకుతాయి. కొన్ని మౌంట్లు వెనక గురి పలక ఉన్న చోట కూర్చుంటాయి, దూరంగా పెట్టే స్కౌట్ స్కోప్ వాటికి సరిపోతుంది. మడమ భుజానికి గట్టిగా తగులుతుంటే పైన తొడిగే రబ్బరు తొడుగు చాలు. తేలికపాటి చెక్క కావాలంటే కొని బిగించండి, అసలు చెక్కకి అవిసె నూనె రాసి గుడ్డ చుట్టి అటక మీద పెట్టండి. మౌజర్‌కి వంపు పిడి కావాలంటే వేరే బోల్ట్ తెచ్చి గన్‌స్మిత్‌తో సరిచూపించి వాడండి, అసలుది దాచండి. ట్రిగ్గర్ మార్చినా పాతది పారెయ్యకండి. ఇవన్నీ చేశాక కూడా కొయ్యాల్సిన అవసరం మిగిలిందంటే, మీకు కావలసింది పాత రైఫిల్ కాదు, కొత్తది.

వేట రైఫిల్ సొంతంగా మలుచుకోవాలనే సరదా నాకూ ఉంది. చెక్క చిత్రిక పట్టడం, నూనె రాసి చేత్తో రుద్దడం, గురి కుదర్చడం చాలా హాయైన పనులు. ఆ సరదా తీరాలంటే ఇప్పటికే కోసినది కొనండి. అలాంటివి తుపాకుల ప్రదర్శనల్లో, పాత సామాను షాపుల్లో మూలన నిలబెట్టి ఉంటాయి. సేకరించేవాళ్ళు వాటి వైపు చూడరు, ధర కూడా తక్కువ. వాటి మీద మీ ఉలి ఎంత ఆడినా చరిత్రకి కొత్తగా నష్టం లేదు. నాది అలాంటిదే. ముందు చెక్క కోసిన చోట వంకరగా ఉంటే సరిచేశాను. గొట్టం కొస దెబ్బతింటే గన్‌స్మిత్ మళ్ళీ చదును చేసి ఇచ్చాడు. రంగు పూసి పాడుచేసిన చెక్క మీద ఆ పొరంతా తీసి అవిసె నూనె పట్టించాను, నెల పట్టింది. ముక్కు లేకపోయినా ఇప్పుడది చూడ్డానికి బాగుంటుంది. డెబ్భై గజాల్లో మూడు తూటాలు అరచేతిలో పట్టేంత చోట పడతాయి.

కోసిన రైఫిల్ కొనేటప్పుడు మాత్రం భద్రత చూసుకోండి. ఇది అందం గురించి కాదు, మీ కళ్ళ గురించి, చేతుల గురించి. పాత యజమాని తూటా కూర్చునే గదిని వేరే తూటాకి మార్చి, పైన ఎక్కడా రాయకుండా వదిలేసి ఉండొచ్చు. అనుమానం ఉంటే గన్‌స్మిత్ ఆ గదిలో తక్కువ వేడికి కరిగే లోహం పోసి, అచ్చు తీసి కొలుస్తాడు. హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ మూసినప్పుడు తూటా వెనక మిగిలే సందు, గేజ్‌తో చూపించుకోండి. నంబర్ 4లో బోల్ట్ తలలు 0 నుంచి 3 వరకు నంబర్లతో వచ్చేవి, సందు ఎక్కువైతే పెద్ద నంబరు వేసేవాళ్ళు. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 అయితే సీరియల్ నంబర్ చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినది 8,00,000 లోపు, రాక్ ఐలండ్‌లో చేసినది 2,85,507 లోపు అయితే ఉక్కుని కాల్చిన పద్ధతి వల్ల అది పెళుసుగా ఉండొచ్చు. వాటిలో కొన్ని పేలి ముక్కలయ్యాయి కూడా. అలాంటిదాన్ని గోడకి తగిలించండి, కాల్చకండి.

గొట్టం కోసిన రైఫిల్ అయితే పొడవు కొలవండి. 16 అంగుళాల కంటే తక్కువైతే ఫెడరల్ చట్టం కింద ముందే రిజిస్టర్ అయి ఉండాలి. పాత సైన్యపు తూటాలు చౌకగా దొరికినా వేటకి పనికిరావు. రాగి తొడుగు పూర్తిగా ఉన్న ఆ తూటా జంతువులోంచి సూదిలా దూరిపోతుంది, జింక గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. చాలా రాష్ట్రాల్లో పెద్ద జంతువుల వేటకి అది చట్టవిరుద్ధం కూడా. తగిలాక విచ్చుకునే మెత్తని ముక్కు తూటాలే వాడండి. ఆ పాత తూటాల్లో చాలావాటి ప్రైమర్ పేలాక గొట్టంలో ఉప్పు లాంటి పదార్థం మిగులుస్తుంది. అది గాల్లో తేమ పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. రేంజ్‌లో అవి కాలిస్తే అదే రోజు వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. మీ రాష్ట్రంలో మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు ఉండొచ్చో కూడా ముందే చూసుకోండి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో పది పడతాయి, అన్నిచోట్లా పదికి ఒప్పుకోరు.

ఒక్క మాట మన పిల్లల గురించి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కొందరు ఇప్పుడు వేటకి వస్తున్నారు. మా ఇళ్ళల్లో తాతల నుంచి వచ్చిన వేట రైఫిల్ ఉండదు. మిగతావాళ్ళకి గోడ మీద "ఇది మా తాతది" అని చూపించడానికి ఒకటి ఉంటుంది. అందుకే మనవాళ్ళు పాత రైఫిల్ కొని, దాన్ని సొంతం చేసుకోవాలని దాని రూపం మారుస్తారనిపిస్తుంది. నాకు ఆ కోరిక అర్థమవుతుంది. కానీ ఆ లీ-ఎన్‌ఫీల్డ్ మనకి పూర్తిగా పరాయిది కాదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన సైనికుల భుజాల మీద, మన స్టేషన్లలో కానిస్టేబుళ్ళ చేతుల్లో ఉన్నది ఆ కుటుంబానికి చెందిన రైఫిలే. అది మనది కావడానికి కొయ్యక్కర్లేదు. ఫోటో తీసి ఇంట్లో పెద్దవాళ్ళకి పంపండి. వాళ్ళ దగ్గర నుంచి ఏదో ఒక కథ వస్తుంది, నాకు వచ్చినట్టే.

ఇక ఆ కుర్రాడికి. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఈ సీజన్‌కి నీ లాంగ్ బ్రాంచ్‌ని ఉన్నదున్నట్టు అడవికి తీసుకురా. గన్‌స్మిత్‌తో కోత బదులు హెడ్‌స్పేస్ చూపించు, మంచి తూటాలు రెండు పెట్టెలు కొనుక్కో. సీజన్ ముందు రెండు ఆదివారాలు రేంజ్‌కి వెళ్దాం. నా ముక్కు లేని రైఫిల్ కూడా తెస్తాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని నువ్వే కాల్చి చూడు. బరువు మొయ్యలేకపోతున్నానని నీకనిపిస్తే, నా దానిలాంటి కోసిన రైఫిల్ ఒకటి వెతికి పెట్టే పూచీ నాది. దాన్ని నీ ఇష్టం వచ్చినట్టు చెక్కుకో, ఉలి నేనే ఇస్తాను. రంపం మాత్రం ఇవ్వను.